గుర్రాలకు బండి కొన్న వేసవి

ఆ నవంబరులో ఇంట్లోకి ముందు గుర్రం వాసన వచ్చేది, దాని వెనకాల మా ఆయన వచ్చేవారు. తెల్లవారకముందే లేచి కానింగ్ వేల్ కూరగాయల మార్కెట్లో ఫోర్క్‌లిఫ్ట్ తోలేవారు. మధ్యాహ్నం డ్యూటీ దిగి, బైఫర్డ్‌లో బెవర్లీ అనే ఆవిడ నడిపే గుర్రాల శాలకి వెళ్లి సాయంత్రం దాకా ఊడిగం చేసేవారు. ఊడిగం అన్నది నా మాట. జీతం లేదు మరి. గడ్డి వేయడం, ఒళ్లు తోమడం, గిట్టల్లో ఇరుక్కున్న రాళ్లు తీయడం.

"డబ్బులివ్వని పనికి పెట్రోలు తగలేసుకుని పోవడమేమిటండీ" అంటే, "డబ్బులిచ్చే పని పొద్దున చేసొచ్చాగా" అని నవ్వేవారు మజీద్.

మా మామగారు తెనాలి స్టేషను బయట జట్కా తోలేవారు. మజీద్ చిన్నప్పుడు రోజూ గుర్రానికి నీళ్లు పెట్టాకే బడికి వెళ్లేవారట. ఆటోలొచ్చి జట్కా మూలపడింది. ఈయన డిగ్రీ చదివి రైసు మిల్లులో గుమాస్తాగా చేరారు. నన్ను చేసుకున్నాక నా ప్రోగ్రామింగ్ ఉద్యోగం వెంట హైదరాబాదుకీ, అక్కణ్నుంచి ఆస్ట్రేలియాలో పెర్త్‌కీ వచ్చారు. వీసా నా పేరు మీద వచ్చింది. ఆయన నాతో వచ్చిన మనిషి. ఆ మాట ఆయనా అనలేదు, నేనూ అనలేదు.

అది 1999. ఊరి నడిబొడ్డున ఒక ఇన్సూరెన్సు కంపెనీలో పాత కోబాల్ ప్రోగ్రాములు ఒక్కొక్కటే తెరిచి, రెండంకెల్లో ఉన్న సంవత్సరాన్ని నాలుగంకెల్లోకి మార్చే పని నాది. జనవరి ఒకటిన కంప్యూటర్లన్నీ ఏమైపోతాయోనని ప్రపంచమంతా భయపడుతున్న రోజులు. ఆ భయమే మాకు అన్నం పెడుతోంది. నా కాంట్రాక్టు ఫిబ్రవరితో సరి. ఆ తర్వాత ఏమిటన్న ప్రస్తావన ఇంట్లో ఎవరం తెచ్చేవాళ్లం కాదు.

నా సంగతి ఇంకొకటి చెప్పాలి. మూడో ఏట నాకు పోలియో వచ్చింది. ఎడమ కాలికి తొడ దాకా కాలిపర్, అంటే ఇనుప కడ్డీల ఊత ఉంటుంది. ఆఫీసుకి బస్సులో వెళ్లేదాన్ని. స్టాపు దాకా నడవడానికి మిగతావాళ్లకు పట్టే సమయానికి రెట్టింపు పట్టేది. ఎవరైనా "మీరూ కారు నేర్చుకోకూడదా" అంటే మాట్లాడకుండా కాలు చూపించేదాన్ని. మాట అక్కడితో ఆగిపోయేది. ఆగిపోవాలనే చూపించేదాన్ని.

ఒక సాయంత్రం అన్నాల దగ్గర మజీద్ అన్నారు: "బెవర్లీ డ్రైవరు క్వీన్స్‌లాండ్ వెళ్లిపోతున్నాడు. గుర్రాల్ని రేసులకీ, ఆసుపత్రికీ తిప్పే పని నన్ను చేసుకోమంటోంది. చుట్టుపక్కల శాలల వాళ్లు కూడా ఇస్తారంట. ఫ్లోట్ ఆవిడదే. లాగే బండి మాత్రం మనది కావాలి."

"ఫ్లోట్ అంటే?"

"గుర్రాలు నిలబడే ట్రైలర్. మూడు పడతాయి."

మా ఆరేళ్ల నిదా కంచంలోంచి తలెత్తింది. "కెన్ ఐ కమ్ టూ?"

"మరి మార్కెట్ పని?" అన్నాను.

"రెండూ కుదరవు ఆరిఫా."

ఆయన నా వైపు చూడలేదు. అన్నంలో పప్పు కలుపుతూనే ఉన్నారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన తన కోసం ఒకటి అడగడం నాకు గుర్తున్నంతలో అదే మొదలు.

"పదండి, బళ్లు చూద్దాం" అన్నాను.

* * *

పెర్త్‌లో ఆదివారం బళ్ల యార్డులు తెరవరు. శనివారం పొద్దున్నే ఆల్బనీ హైవే మీద పడేవాళ్లం. మాకు తోడు శ్రీపతి గారు. ఆఫీసులో నా పక్క సీటు, కాకినాడ మనిషి. టోస్టర్ కొనాలన్నా నాలుగు పత్రికలు చదివి, ముగ్గుర్ని అడిగి, ఆ తర్వాత గాని కొనరు. పికప్ ట్రక్కు అనేసరికి ఆయనకి పండగే వచ్చింది.

మొదట చూసింది షెవ్రొలే. అమెరికా నుంచి తెప్పించి, స్టీరింగు ఎడమవైపు నుంచి కుడివైపుకి మార్చిన బండి. దాని బానెట్ నా భుజం ఎత్తున ఉంది.

"పవర్ కావాలంటే ఇదే మజీద్ భాయ్" అన్నారు శ్రీపతి గారు, చుట్టూ తిరిగి వచ్చి. "ఇల్లు కట్టినా లాక్కుపోద్ది. కాపోతే దీని రేటుకి ఆ ఇల్లే కొనుక్కోవచ్చు. పైగా చిన్న స్పేర్ పార్టు కావాలన్నా అమెరికా నుంచి రావాలి."

పక్క యార్డులో టొయోటా ల్యాండ్‌క్రూజర్. వెనక తొట్టి, ముందు ఇద్దరు కూర్చునే చోటు, డీజిలు ఇంజను. శ్రీపతి గారి మొహం వెలిగింది.

"వాల్యూ అంటే ఇదండీ. తాగేది తక్కువ. పదేళ్లు వాడి అమ్మినా రేటు పడదు. రెండున్నర టన్నులు లాగుద్దని రాసే ఉంది."

నాకూ అదే నచ్చింది. మజీద్ బండి వెనక్కి వెళ్లి, ట్రైలర్ తగిలించే కొక్కెం దగ్గర గొంతుక్కూర్చున్నారు.

"మంచి బండేనండీ" అన్నారు లేస్తూ. "కాకపోతే రాసినంతా లాగించకూడదు. ఫ్లోటూ మూడు గుర్రాలూ కలిస్తే సరిగ్గా ఆ అంచుకే పోతాం. ముందున్న బండి తేలికైతే వెనకున్న బరువు దాన్ని ఊపేస్తది. సిమెంటు బస్తాలైతే కదలకుండా పడుంటాయి. గుర్రాలు అట్లా కాదు గదా, లోపల కాళ్లు మార్చుకుంటా ఉంటాయి."

శ్రీపతి గారు ఒక్క క్షణం ఆలోచించారు. "అయితే ఫుల్ సైజే చూడాలి. ఫోర్డ్ ఎఫ్ సిరీస్ చూద్దాం. పాతవే, కానీ ఇక్కడే బిగించినవి. స్టీరింగు మార్చిన గొడవ లేదు."

అలా మూడు శనివారాలు తిరిగాం. ఏ బండి దగ్గరికి వెళ్లినా చివర్లో మజీద్ పక్క తలుపు తెరిచి, "ఓసారి ఎక్కి కూచో ఆరిఫా" అనేవారు. ఆ ఎత్తులు చూస్తే నాకు నీరసం వచ్చేది. పైనున్న పిడి పట్టుకుని, కుడి కాలు ముందు వేసి, ఒళ్లు పైకి లాక్కుని, ఎడమ కాలిని చేత్తో ఎత్తి లోపల పెట్టుకోవాలి. ఒక యార్డులో సేల్స్ కుర్రాడు నా మోచెయ్యి పట్టుకోబోయాడు. మజీద్ అతన్ని చేత్తోనే ఆపారు. "షీ విల్ గెట్ ఇన్" అన్నారు. ఎక్కాను. నిదా నా వెనకే పాక్కుంటూ ఎక్కి, "ఇట్స్ లైక్ ఎ ట్రీ హౌస్, మమ్మీ" అంది.

డిసెంబరులో రంజాన్ మొదలయ్యేసరికి రెండు ఫోర్డ్‌లు మిగిలాయి. ఇంచుమించు ఒకే మోడలు, ఒకే వీ ఎయిట్ ఇంజను. ఒకటి సర్పెంటైన్‌లో ఒక రైతుది, మాన్యువల్ గేర్లు. రెండోది యార్డులో ఉన్నది, ముదురు నీలం, ఆటోమేటిక్. దాని రేటు కొంచెం ఎక్కువ.

* * *

బెవర్లీ అరవై దాటిన మనిషి. ఎండకి కాలి ముడతలు పడిన మొహం, పొట్టి జుట్టు. మజీద్ అనడం రాక కాదు గానీ, మ్యాజ్ అనేది. బండిని ఉత్తగా తోలి చూస్తే ఏమీ తెలియదు, గుర్రంతో బెడ్‌ఫర్డేల్ కొండ ఎక్కించి దించి చూడమని పట్టుబట్టింది. తన శాలలో అన్నిటికన్నా ముసలి ఆడగుర్రాన్ని ఫ్లోట్ ఎక్కించింది. ఏం జరిగినా బెదరని గుర్రమట అది.

మొదట రైతు బండి. ముందు సీటు బల్లలా ఒకటే పొడుగు, ముగ్గురం పట్టాం. మజీద్ చక్రం దగ్గర, మధ్యలో బెవర్లీ, కిటికీ వైపు నేను. ఉపవాసం, పైగా ఇక్కడ డిసెంబరంటే నడివేసవి, నలభై డిగ్రీల ఎండ. బెవర్లీ సీసాలోంచి నీళ్లు తాగబోయి, మమ్మల్ని చూసి మూత పెట్టేసింది. "తాగండి, మాకేం ఇబ్బంది లేదు" అన్నా కొండ దిగేదాకా తాగలేదు.

మాన్యువల్ బండి ఆ కొండని పెద్దగా లెక్కచేయలేదు. మజీద్ గేరు తగ్గించినప్పుడల్లా కింద ఇంజను గట్టిగా పట్టుకుని లాగింది. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టే అవసరమే పెద్దగా రాలేదు. తర్వాతి శనివారం అదే కొండకి ఆటోమేటిక్ తెచ్చాం. అదీ ఎక్కింది. కానీ ఏ గేరులో ఉండాలో అదే తేల్చుకుంటూ, ఒకటి రెండుసార్లు తటపటాయించింది. దిగేటప్పుడు మజీద్ బ్రేకు ఎక్కువే వాడారు.

"మాన్యువల్ తీసుకో మ్యాజ్" అంది బెవర్లీ దిగగానే. "కొండ దిగేటప్పుడు గేరు నీ చేతిలో ఉండాలి." శ్రీపతి గారు ఫోన్లో విని అదే అన్నారు. "రేటూ తక్కువ, పనీ మెరుగు. ఇంకా ఆలోచనేంటండీ?"

ఆ సాయంత్రం ఇఫ్తార్‌కి ముందు మజీద్ వంటింట్లో పుచ్చకాయ కోస్తున్నారు. సముద్రపు గాలి మొదలై కిటికీ తెర ఎగురుతోంది. నేను స్టూలు మీద కూర్చుని శనగల్లోకి ఉల్లిపాయ తరుగుతున్నాను.

"రైతుకి ఫోన్ చేసి చెప్పేయండి, మళ్లీ ఎవరైనా ఎగరేసుకుపోతారు" అన్నాను.

"ఆటోమేటిక్ తీసుకుంటా ఆరిఫా."

పరాకుగా అన్నారేమో అనుకున్నాను. "ఏది?"

"నీలంది."

"ఎందుకు?"

"నాకు నచ్చింది."

"నచ్చడానికి అదేమన్నా చీరా అండీ? బెవర్లీ మాన్యువల్ అంది. శ్రీపతి గారు మాన్యువలే అన్నారు. కొండ మీద బాగా లాగింది అదేనని మీ నోటితో మీరే అన్నారు. పైగా రేటు తక్కువ. ఇంక దేంట్లో గొప్పండీ ఆ రెండోది?"

ఆయన ముక్కల్లోంచి గింజలు ఏరుతున్నారు. నిదాకి గింజలుంటే పడదు.

"కొన్నిట్లో" అన్నారు.

"ఫిబ్రవరి దాటితే నా జీతం ఉండదు. తెలుసుగా?"

"తెలుసు."

"అది తెలిసీ ఎక్కువ పోసి తక్కువ బండి కొంటానంటారా?"

ఆయన కత్తి కడిగి పక్కన పెట్టారు. అది చూసి నాకు ఇంకా కోపం వచ్చింది. "సరే, మీ ఇష్టం. ఇంక నన్నడక్కండి" అన్నాను.

గోడ మీద గడియారంలో అజాన్ మోగింది. రోజూలాగే గింజ తీసిన ఖర్జూరం నా చేతిలో పెట్టారు. తిన్నాను. ఆ తర్వాత చాలా రోజులు మా మాటలన్నీ నిదా మీదుగానే నడిచాయి.

"రేపు ఇఫ్తార్‌కి ఇంటికొస్తారేమో మీ డాడీని అడుగు."

నిదా హాల్లోకి పరిగెత్తి వచ్చేది. "హీ సేస్ యెస్. మమ్మీ, హీ కెన్ హియర్ యూ, యూ నో."

* * *

డిసెంబరు ముప్పై ఒకటిన రాత్రంతా మా టీము ఆఫీసులోనే ఉండాలన్నారు. నిదాని శ్రీపతి గారి భార్య మంగళ గారింట్లో పడుకోబెట్టాం. రాత్రి పన్నెండైంది. ఏమీ కాలేదు. లైట్లు వెలుగుతూనే ఉన్నాయి, పాలసీలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. మేనేజరు అందరికీ చేయి కలిపాడు. ఏడాదిన్నర చేసిన పనికి ఫలితం ఏమీ జరగకపోవడమే. తెల్లవారుజామున నాలుగు ఖర్జూరాలు, గ్లాసుడు నీళ్లతో సెహ్రీ కానిచ్చి, రిపోర్టులు పంపి కిందికి దిగేసరికి ఎండ బాగా వచ్చేసింది.

ఆఫీసు ముందు వీధి, సెయింట్ జార్జెస్ టెర్రస్, ఖాళీగా ఉంది. రోడ్డు మీద కాగితపు టోపీలు, పగిలిన గాజు. వాటి మధ్య నీలం ఫోర్డ్ ఆగి ఉంది. మజీద్ దానికి ఆనుకుని నిలబడ్డారు.

"కొనేశారా?" అన్నాను. చాలా రోజుల తర్వాత ఆయనతో నేరుగా అన్న మొదటి మాట.

"మొన్న. కంప్యూటర్లు బాగానే ఉన్నాయా?"

"ఉన్నాయి."

తలుపు కింద ఇనుప మెట్టు ఒకటి కొత్తగా బిగించి ఉంది. దాని మీద కుడి కాలు వేసి ఎక్కాను. పోట్లాడే ఓపిక లేదు. బల్ల సీటు మీద తల వెనక్కి వాల్చానంతే, నిద్రపట్టేసింది.

మెలకువ వచ్చేసరికి బండి బెవర్లీ శాల వెనక పెద్ద గడ్డి మైదానంలో ఆగి ఉంది. వేసవికి గడ్డంతా ఎండి తెల్లబడింది. కంచె అవతల గుర్రాలు చెట్టు నీడన నిలబడ్డాయి. ఇల్లు కాదేమిటి అనుకుంటుండగా మజీద్ తన వైపు దిగి, చుట్టూ తిరిగి వచ్చి నా తలుపు తెరిచారు.

"జరుగు" అన్నారు.

"ఎటు?"

"అటు. చక్రం దగ్గరికి."

"ఎందుకు?"

"జరుగు ముందు."

ఆయన కూర్చోవడానికి చోటడుగుతున్నారనుకుని, నిద్రమత్తులో అటు జరిగాను. ఆయన ఎక్కి తలుపేసుకున్నారు. స్టీరింగు నా ముందుంది. ఇంజను ఆగలేదు, సన్నగా అదురుతోంది. అప్పటికి గాని నాకు విషయం అర్థం కాలేదు.

"నాకు రాదు" అన్నాను.

"రాదనేగా వచ్చాం."

"నా కాలు సంగతి..."

"ఎడమదేగా. ఎడమదానికి ఇందులో పనే లేదు. చూడు కిందికి."

వంగి చూశాను. పెడల్స్ రెండే ఉన్నాయి, క్లచ్ లేదు. ఒకటి బ్రేకు, ఒకటి యాక్సిలరేటరు. రెండూ కుడి కాలికే. ఎడమ కాలు పెట్టుకోవడానికి పక్కన బోలెడంత చోటు ఉంది. నెలన్నరగా ఈ బళ్ల గురించి నేను ఇంజను అడిగాను, మైలేజీ అడిగాను, ధర అడిగాను. ఒక్క బండిలోనూ కాళ్ల దగ్గర ఏముందో చూడలేదు. అది నేను చూడాల్సిన చోటు అనుకోలేదు.

"ముందే చెప్పొచ్చుగా" అన్నాను.

"చెప్తే వద్దంటావు. నా కోసం ఎక్కువ పోయొద్దంటావు." ఆయన ఎదురుగా కంచె వైపు చూస్తున్నారు. "నేను గుర్రాల్ని తీసుకుని ఊళ్లు పట్టుకుని పోతే నువ్వు ఇంట్లో ఉండిపోవాల గదా. లేకపోతే ఆ బస్టాపులో. నాకది బాగోలేదు. ఇదైతే నువ్వూ తోలొచ్చు. కొండ దిగడం అంటావా, నెమ్మదిగా దిగుతా."

ఎడమ కాలిని చేత్తో ఎత్తి పక్కకి పెట్టుకున్నాను.

"ఇప్పుడేం చేయాలి?"

"బ్రేకు తొక్కి పట్టు. ఈ పుల్ల కిందికి లాగు. ఆఁ, అక్కడ. ఇప్పుడు బ్రేకు మెల్లగా వదులు. ఇంకేం చెయ్యబాక."

వదిలాను. అంత బండీ మనిషి నడకన కదిలింది. చేతులు చక్రాన్ని పట్టుకున్న పట్టుకి వేళ్లు తెల్లబడ్డాయి. "తిప్పు, కంచె వస్తంది" అన్నారు నింపాదిగా. తిప్పాను. గుర్రాలు తలలెత్తి చూశాయి. మైదానం చుట్టూ ఒక చుట్టు పూర్తయ్యాక బ్రేకు ఒక్కసారిగా తొక్కేశాను. ఇద్దరం అద్దం దాకా వెళ్లొచ్చాం. నవ్వొచ్చింది. ఆయనకీ వచ్చింది. నోరు ఎండిపోయి ఉంది, మంచినీళ్లు తాగడానికి సాయంత్రం దాకా లేదు. "ఇంకో చుట్టు" అన్నాను.

* * *

నా కాంట్రాక్టు ఫిబ్రవరి దాకా ఆగలేదు. ఏమీ కాలేదు కాబట్టి ఇక అవసరం లేదని జనవరి చివర్లోనే చెప్పేశారు. శ్రీపతి గారికీ అంతే. ఆయన వారం తిరక్కుండా సిడ్నీలో పని చూసుకున్నారు. జూలై నుంచి దేశంలో జీఎస్టీ పన్ను వస్తోందని, ప్రతి కంపెనీకీ ప్రోగ్రాములు మార్చేవాళ్లు కావాలని, మళ్లీ అంతా ఎగబడుతున్నారు. అక్కణ్నుంచి ఫోన్ చేశారు.

"మీ పేరు చెప్పానండీ ఆరిఫా గారూ. ఆరు నెలల కాంట్రాక్టు, అక్కడికంటే రేటు బాగా ఎక్కువ. సోమవారం లోపల చెప్పాలి."

మజీద్‌తో చెప్పాను. అప్పటికి ఆయన మార్కెట్ పని మానేసి బెవర్లీ గుర్రాల్ని తిప్పుతున్నారు. బండి పెట్రోలు బాగానే తాగుతోంది. కొండలున్న రోజు ఆయన ఆలస్యంగా వచ్చేవారు. కానీ పొద్దున బూట్లేసుకునేటప్పుడు ఈల వేసేవారు. ఆయనకి ఈల వేయడం వచ్చని నాకు అప్పటిదాకా తెలియదు.

"వెళ్దాం" అన్నారు వినగానే. "బండి అమ్మేద్దాం. బెవర్లీ ఇంకొకళ్లని చూసుకుంటది."

"అంత తేలిగ్గా అనేస్తారేంటి?"

"తేలిగ్గా అన్లేదు. నీ చదువు అది. ఇక్కడ ఖాళీగా కూచోబెట్టి నేను గుర్రాలు తోలుకుంటానా?"

ఆదివారమంతా నేను మైదానంలోనే ఉన్నాను. ఖాళీ ఫ్లోట్ తగిలించి వెనక్కి నడపడం నేర్చుకుంటున్నాను. అదొక తిరకాసు. ఫ్లోట్ ఎడమకి పోవాలంటే చక్రం కుడికి తిప్పాలి, అది వంగడం మొదలెట్టగానే మళ్లీ దాని వెంట పోవాలి. బెవర్లీ కంచె మీద కూర్చుని చెయ్యి ఊపుతోంది, "మళ్లీ" అని అరుస్తోంది. నిదా రెండు డబ్బాలు నిలబెట్టి, వాటి మధ్య నుంచి పోవాలంది. పొద్దుటి నుంచి ఆ డబ్బాల్ని పడేస్తూనే ఉన్నాను. సాయంత్రం గాలి మొదలయ్యే వేళకి ఫ్లోట్ వాటి మధ్య నుంచి చల్లగా వెళ్లిపోయింది. బెవర్లీ కంచె దిగి లోపలికి టీ పెట్టడానికి వెళ్లింది.

బండి ఆపి, అక్కడే కూర్చుని చాలాసేపు ఆలోచించాను. ఆయన వెళ్దామన్నారు, అందులో అబద్ధం లేదు. నేను ఊఁ అంటే రేపే బండి మీద అమ్మకం బోర్డు పెడతారు. సిడ్నీలో ఇంకో ఫోర్క్‌లిఫ్ట్ చూసుకుంటారు. మళ్లీ ఎప్పటికీ ఏదీ అడగరు.

సోమవారం పొద్దున శ్రీపతి గారికి ఫోన్ చేసి రావట్లేదన్నాను.

"అయ్యో, ఎందుకండీ?"

"వచ్చే బుధవారం నాకు డ్రైవింగ్ టెస్టు ఉందండీ."

ఆయన హాస్యమనుకుని పెద్దగా నవ్వారు. నేను నవ్వకపోయేసరికి ఆగి, "ఏ బండి?" అన్నారు.

"నీలం ఫోర్డ్."

"ఓహో, అందుకా ఆటోమేటిక్" అన్నారు మెల్లగా. "ఈ లెక్క మనం వేయలేదండీ."

జీఎస్టీ వస్తున్నది ఒక్క సిడ్నీకే కాదు. మజీద్ పని చేసిన మార్కెట్లోనే ఒక పళ్ల హోల్‌సేల్ ఆయన తన కంప్యూటరు మార్చుకోవాలని తల పట్టుకుని కూర్చున్నాడు. వారానికి మూడు రోజులు అక్కడ కుదిరాను. పెద్ద జీతమేమీ కాదు. ఇల్లు గడిచింది.

టెస్టులో ఒకసారి తప్పాను, పక్కకి పార్కు చేయడం దగ్గర. రెండోసారి ప్యాసయ్యాను. నిదా ఎర్ర పీ అక్షరం ప్లేటు ముందొకటి, వెనకొకటి అంటించింది. కొత్త డ్రైవరని అందరికీ తెలియాలని. అంత బండికి ఆ చిన్న అక్షరం చూసి దారినపోయేవాళ్లు నవ్వుకునేవారు.

మార్చి చివర్లో బన్‌బరీకి రెండు గుర్రాల్ని చేర్చే పని వచ్చింది. "ఇవాళ నువ్వు తోలు" అన్నారు మజీద్. బైఫర్డ్ దాటేదాకా ఆయన పక్క సీట్లో నేల మీద లేని బ్రేకుని తొక్కుతూనే ఉన్నారు. లారీ ఎదురొస్తే ఊపిరి బిగబట్టేవారు. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. దూరం నుంచే ఎర్ర లైటు గమనించి, ముందే కాలు తీసి, బండి దానంతటది నెమ్మదించేలా చూసుకున్నాను. మలుపుల్లో వెనక ఫ్లోట్ ఎక్కడుందో అద్దంలో చూసుకున్నాను. పిన్‌జారా దాటాక పక్కన చప్పుడు లేదు. చూస్తే ఆయన తల కిటికీకి ఆనించి, నోరు కొద్దిగా తెరిచి నిద్రపోతున్నారు. ఇండియాలో రైల్లో కూడా కునుకు తీయని మనిషి. రేడియో తగ్గించాను.

బన్‌బరీలో శాల ముందు ఆపాక లేచారు. సిగ్గుపడ్డట్టు మొహం తుడుచుకుని, గబగబా దిగి ఫ్లోట్ వెనక తలుపు దించారు. నేను మెట్టు మీదుగా దిగి, నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్లేసరికి మొదటి గుర్రాన్ని కిందికి దించి పట్టుకున్నారు. జూలు పైకెత్తి, మెడ మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడ్డారు.

"ఏమైంది?" అన్నాను భయంగా.

"బండి కుదుపుతా తోలితే నాలుగు కాళ్లూ బిగబట్టి నిలబడతాయి. దిగేసరికి ఇక్కడంతా చెమటతో తడిసిపోతది. నేను తోలినప్పుడు కొంచెమన్నా తడి ఉంటది."

నా చెయ్యి తీసుకుని జూలు కింద పెట్టారు. వెచ్చగా ఉంది, నున్నగా ఉంది.

"పొడిగా ఉంది" అన్నారు.

"రెండోదాన్ని కూడా చూడండి" అన్నాను.